సెట్టు ధర్మవరంలో, వూఫరు పెనుకొండలో

నాకో జబ్బు ఉంది. కోపం వస్తే ఎదుటి మనిషి ఏం చెప్పాలనుకుంటున్నారో నాకు ఎక్కదు, నోటితో ఏమన్నారో అదే ఎక్కుతుంది. ధర్మవరంలో ఒక ఆదివారం పొద్దున నా భార్య, "ఆ డబ్బా తీస్కోని యాడికన్నా పో!" అంది. నేను డబ్బా తీసుకుని పెనుకొండకు పోయాను.

డబ్బా అంటే మా హోం థియేటర్ వూఫరు. సీడీలు పోయి డీవీడీలు వస్తున్న రోజులవి. హిందూపురంలో ఆ సెట్టు కొని, కుదుపులకు దెబ్బ తగలకుండా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. టీవీ కింద పెట్టే సెట్టు ఒకటి, ఐదు చిన్న స్పీకర్లు, వూఫరు అనే మోకాలి ఎత్తు నల్ల చెక్కపెట్టె ఒకటి. మాటలు, పాటలు, వాన చప్పుడు, గాజుల చప్పుడు అన్నీ చిన్న స్పీకర్లు చూసుకునేవి. దుమ్ దుమ్ అనే అడుగు మోత ఒక్కటే ఆ పెట్టె పని. నాకు ఆ మోతంటేనే ప్రాణం. నేల మీద నుంచి అరికాళ్లలోకి ఎక్కుతుంటే నా బతుకులో కూడా ఏదో పెద్దది జరుగుతున్నట్టు ఉండేది.

మాకు పిల్లలు లేరు. ముందు గదిలో ఆమె మగ్గం, వెనక గదిలో నా టీవీ, సెట్టు. నాది పెనుకొండ సబ్‌స్టేషన్లో ఆపరేటరు ఉద్యోగం, రోజూ ప్యాసింజరు బండిలో పోయి వచ్చేవాణ్ణి. ఆమె పట్టుచీరలు నేసేది. మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుందంటే మధ్యాహ్నం అన్నానికే లేచేది. పోగు తెగితే మగ్గం చప్పుడు మారుతుందని, ఆ మార్పు చెవిన పడగానే చెయ్యి తానే ఆగుతుందని అంటూ ఉండేది. నేను దాన్ని నేతగాళ్ల గొప్ప కింద జమకట్టి వదిలేశాను.

ఆ ఆదివారం నేను యుద్ధాల సినిమా ఒకటి పెట్టుకున్నాను. ఫిరంగులు పేలుతుంటే గూట్లో గ్లాసులు కూడా వణుకుతున్నాయి. సినిమా సగంలో ఆమె తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. ఎప్పుడో పోగు తెగిందట. తెలియక జానెడు నేసేసిందట. ఇప్పుడు ఆ జానెడూ విప్పాలి.

"నీ డబ్బా మోతలో పోగు తెగింది ఇనపడలేదు," అంది.

"పోగు తెగితే కంటికి కనపడల్ల గానీ, చెవికి ఇనపడేదేంది?" అని నవ్వాను.

ఆ నవ్వే కొంప ముంచింది. అప్పుడు ఆమె అన్నది పైన రాసిన మాట. పదకొండేళ్ల కాపురంలో ఆమె నన్ను పొమ్మనడం అదే మొదటిసారి. నేను లేచి, వూఫరు వైరును సెట్టు వెనక నుంచి పీకి, పెట్టెకు అడ్డంగా నిలువుగా తాడు కట్టి, భుజాన వేసుకుని బయటికి వచ్చాను. గడప దాటేటప్పుడు వెనక్కి చూడలేదు. చూసి ఉంటే ఏం కనపడేదో ఇప్పటికీ తెలియదు.

రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దాయన తాడు కట్టిన పెట్టెను చాలాసేపు చూసి, "ఏమప్పా, టీవీనా?" అని అడిగాడు. కాదన్నాను. "మరేంది?" అన్నాడు. వూఫరు అన్నాను. "దాన్ని యాడికి తీస్కపోతాండావు?" అన్నాడు.  కిటికీ వైపు మొహం తిప్పుకున్నాను.

సబ్‌స్టేషన్ పక్కన పాత క్వార్టర్లలో ఒక గది నా పేరున ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు నడుం వాల్చడానికి తప్ప దాన్ని వాడింది లేదు. గోడ పక్కన పెట్టె దించి, తాడు విప్పాను. తాడుతో పాటు వెనక అంటించిన కాగితం కూడా సగం ఊడి వచ్చింది. దాన్ని ఉండచుట్టి పారేసి, ప్లగ్గు కోసం వెతికాను. ప్లగ్గు లేదు. పెట్టె నుంచి బయటికి వచ్చేది ఒకే ఒక్క సన్నటి వైరు. దాని కొసన గోడలో పెట్టే ప్లగ్గు కాకుండా, ఆ సెట్టులో మాత్రమే పట్టే తెల్ల ప్లాస్టిక్ కొక్కెం ఒకటి ఉంది. దానికి సొంత కరెంటు లేదు. దాని బలమంతా ధర్మవరంలో, టీవీ కింద ఉన్న సెట్టులో ఉంది.

పన్నెండేళ్లుగా మండలానికంతా కరెంటు పంచుతున్న మనిషిని. నా ఇంట్లో, నా కాళ్ల దగ్గర రెండేళ్లు ఉన్న పెట్టెకు కరెంటు వైరు ఉందో లేదో చూసుకోలేదు. నా మీద నాకే నవ్వొచ్చింది. గదిలో ఒక్కణ్ణే ఉండి గట్టిగా నవ్వాను. ఆ నవ్వు గోడలకు తగిలి నాకే వినపడేసరికి ఆపేశాను.

మరుసటి రోజే ఇంటికి పోయి ఉంటే ఇది ఇద్దరూ నవ్వుకునే కథ అయ్యేది. నేను పోలేదు. దానికి కారణం మా ఉద్యోగంలోని ఒక పద్ధతి. స్తంభం ఎక్కే మనిషి ముందుగా మా దగ్గర లైన్ క్లియర్ తీసుకుంటాడు. మేం ఆ లైనుకు కరెంటు ఆపుతాం. పని అయ్యాక ఆ మనిషే తన నోటితో అయిందని చెప్పాలి. పక్కవాడు చెప్పినా, వాళ్ల ఇంజనీరు చెప్పినా మళ్లీ కరెంటు వదలం. ఎవరు ఆపించారో వాళ్లే వదిలించాలి. మనుషుల ప్రాణాలు కాపాడే పద్ధతి అది. నేను దాన్ని తీసుకెళ్లి కాపురానికి తగిలించాను. పొమ్మన్నది ఆమె, రమ్మనాల్సిందీ ఆమే. ఆమె నోటితో మాట వచ్చేదాకా నేను కదిలేది లేదు. ఎంత న్యాయంగా ఆలోచిస్తున్నానో అనుకుని మురిసిపోయాను కూడా.

నెల గడిచింది. రెండో నెలా గడిచింది. ఆమె నుంచి కబురు లేదు. మా ఇంట్లో ఫోను ఉండేది కాదు. పక్కింటి అక్క ఇంట్లో ఉండేది, ఆమె నంబరు నాకు నోటికి వచ్చు. సబ్‌స్టేషన్ నంబరు నా భార్యకు తెలుసు. అక్కడ ఫోను మోగినప్పుడల్లా నేనే ఎత్తేవాణ్ణి. అన్నీ లైన్ల గోలే.

డ్యూటీ దిగి గదికి వస్తే చేసేదేమీ ఉండదు. అన్నం వండుకుంటే ఎక్కువయ్యేది, తగ్గిస్తే అడుగంటేది. ఒక్క మనిషికి ఎంత బియ్యం పోయాలో నాకు నెలన్నర దాకా కుదరలేదు. బయట ట్రాన్స్‌ఫార్మరు గుయ్‌మంటూ ఉండేది, లోపల నేను. పండగ రోజు తోటి ఆపరేటరు వాళ్ల ఇంటికి పిలిచాడు. అక్కడ అతని భార్య, "వదినను పిల్చుకోని రాలేదేమన్నా?" అని అడిగింది. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పాను. ఆమె పెట్టిన ఓళిగల్లో, అంటే బొబ్బట్లలో, ఒకటి తిని చాలని లేచాను.

అప్పుడే నాకొక పంతం పట్టుకుంది. సెట్టు కోసం ధర్మవరం పోకుండానే ఈ పెట్టెను పలికించాలి. వేరే సెట్టు తగిలించాలి. ఏ సెట్టు అయితే ఏం, కరెంటు కరెంటే కదా!

హిందూపురంలో పాత సామాన్లు బాగుచేసి అమ్మే భాయ్ ఒకాయన ఉండేవాడు. ఇరుకు కొట్టు, చుట్టూ విప్పిన టేపురికార్డర్లు, మధ్యలో ఆయన. ఆయన దగ్గర వేరే కంపెనీ సెట్టు ఒకటి, రెండు స్పీకర్లు, ఒక పాత డీవీడీ ప్లేయరు తీసుకున్నాను. ఇంట్లో వూఫరు ఉండాది, దానికి తగిలిస్తానన్నాను.

"దానికి సొంతంగా కరెంటు ఉండాదా సార్, లేక పాత సెట్టు మీదనే నడిచేదా?" అని అడిగాడు భాయ్.

"అవన్నీ నేను చూసుకుంటా భాయ్, నేను కరెంటోన్ని," అన్నాను. ఆయన సామాను కట్టి ఇచ్చాడు.

గదికి వచ్చి కొత్త సెట్టును తిప్పి చూశాను. వెనక సబ్ వూఫర్ అని రాసి ఒక గుండ్రటి రంధ్రం ఉంది. అదృష్టం అనుకున్నాను. తెల్ల కొక్కేన్ని కత్తిరించి, ఆ రంధ్రంలో పట్టే పిన్ను అతికించి, పెట్టి, టీవీ లేకపోయినా చప్పుడు కోసమని ఒక సినిమా వేశాను. రెండు స్పీకర్లూ పలికాయి. పెట్టె పలకలేదు. మోత పెంచాను. లేదు. నేల మీద పడుకుని పెట్టెకు చెవి ఆనించాను. లోపల, చాలా దూరంలో, ఏదో కదులుతోంది. పక్క ఊళ్లో పెళ్లి జరుగుతున్నట్టు. అంతే.

బలం చాలలేదని అర్థమైంది. సరే, బలం ఉన్న చోటే తగిలిద్దాం అనుకున్నాను. ఇంటి వైరింగ్ చేసే వాళ్లందరికీ తెలిసిన పనే. ఫ్యాను ఉన్న లైనుకే పక్కన బల్బు కలుపుతాం, దాని పక్కనే టీవీ కలుపుతాం. ఎవరి కరెంటు వాళ్లు తీసుకుంటారు. అట్లాగే కుడివైపు స్పీకరు వైర్లు ఎక్కడున్నాయో అక్కడే పెట్టె వైర్లు కూడా కలిపి బిగించాను.

పెట్టె పలికింది. అబ్బ, ఏం పలకడం! నేల అదిరింది, తలుపు గొళ్లెం టకటకలాడింది. మనుషుల మాటలు కూడా దాంట్లోంచే వచ్చాయి, కుండలో తలపెట్టి మాట్లాడినట్టు. పాత సెట్టులో దానికి అడుగు మోత ఒక్కటే పోయేది, ఇప్పుడు వడబోసేది లేక అన్నీ పోతున్నాయి. నాకు అదేం పట్టలేదు. మోత ఇంకా పెంచాను. మంచం మీద కూర్చుని అరికాళ్లు నేలకు ఆనించి ఎదురుచూశాను.

దేనికి ఎదురుచూస్తున్నానో తెలియడానికి కొంత సమయం పట్టింది. ముందు గదిలోంచి మగ్గం ఆగి, "ఇంగ ఆపుతావా లేదా?" అనే గొంతు రావాలి. రోజూ వచ్చేది. వచ్చినప్పుడల్లా నేను ఒక్క గీత తగ్గించి, ఆమె మళ్లీ నేతలో పడ్డాక రెండు గీతలు పెంచేవాణ్ణి. అదొక ఆట. ఈ గదికి ముందు గది లేదు. ఆ క్వార్టర్ల వరుసలో వేరే ఎవరూ కాపురం లేరు. ఎంత పెంచినా ఆపమనే మనిషి లేదు. అంత మోతలో కూర్చుని నాకు ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా ఏడ్చాను.

కాలిన వాసన వస్తే లేచి చూశాను. సెట్టు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. తీసేలోపే టప్పుమని ఆగిపోయింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం డ్యూటీలో టీ తాగుతూ తోటి ఆపరేటరుతో మాట్లాడుతున్నాను. మాట మధ్యలో గ్లాసు కింద పెట్టి లేచాను. పోయి చూస్తే ఒక లైను మీద కరెంటు లోడు ఒక్కసారిగా పెరిగి ఉంది. చేయాల్సింది చేసి వచ్చి కూర్చున్నాను.

"మీటరు చూడకుండానే ఎట్లా తెలిసెన్నా?" అన్నాడతను.

"ట్రాన్స్‌ఫార్మరు చప్పుడు మారింది గదప్పా," అన్నాను.

అన్నాక తెలిసింది నేనేం అన్నానో. పన్నెండేళ్లుగా నేను చెవితోనే ఉద్యోగం చేస్తున్నాను. ఆ గుయ్‌మనే మోతలో వెంట్రుకంత తేడా వచ్చినా నాకు పట్టుబడుతుంది. నా పక్కన ఎవడైనా డప్పు కొడుతుంటే ఊరుకుంటానా? ఆమె చెప్పింది అదే. కంటికి కనపడాలి గానీ చెవికి వినపడేదేమిటని నేను నవ్వింది దాన్నే. మిగిలిన టీ పారబోశాను.

ఆ రోజే తేల్చుకున్నాను, ఆమెకు ఒక్క మాట చెప్పాలి. నువ్వన్నది నిజం, పోగు తెగితే వినపడుతుంది, తప్పు నాది అని. అంతే, మూడు ముక్కలు. కానీ మూడు నెలల తర్వాత ఉత్త చేతులతో పోయి ఆ మాట చెప్పడానికి మొహం చెల్లలేదు. ఏదైనా సాకు కావాలి.

ఆ సాకు హిందూపురం భాయ్ ఇచ్చాడు. కాలిన సెట్టునూ పెట్టెనూ ఆయన ముందు పెట్టి, ఇంటి వైరింగు మాదిరి కలిపానని చెప్పాను. చూసి ఆయన తిట్టలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గయింది.

"ఇల్లు వేరే, ఇది వేరే సార్. ఆ గుండ్రటి రంధ్రంలో వచ్చేది ఉత్త సిగ్నలు, బలముండదు. సొంత ఆంప్లిఫయరు ఉండే వూఫరుకు అది చాలు, దీనికి చాలదు. ఇంగ స్పీకరుకు పక్కన కలిపితే ఓములు తగ్గిపోతాయి, సెట్టు మోయలేక కాలిపోతాది. దీనికని వేరే ఆంప్లిఫయరు బోర్డు ఒకటి చేసి మధ్యలో పెట్టల్ల. అడుగు మోత ఒక్కటే పోయేట్టు వడబోత కూడా దాంట్లోనే పెడతా." పెట్టెను తిప్పి చూశాడు. "ఎన్ని వాట్లు సార్ ఇది?"

చింపేసిన కాగితం గుర్తొచ్చింది. తెలియదన్నాను.

"ఓములు మీటరుతో కొంచెం తెలుస్తాయి. వాట్లు తెలియవు. పాత సెట్టు ఎనక, దీని వైరు దూర్చే చోట రెండూ రాసుంటాయి. ఇంటికి ఫోను చేసి అడగండి."

నాకు పండగలా అనిపించింది. ఎదురుగా ఉన్న కొట్టులోనే ఎస్టీడీ బూతు ఉంది. పక్కింటి అక్క నంబరు తిప్పాను. అక్క నా గొంతు గుర్తుపట్టి, "ఉండు ఉండు, పెట్టేయొద్దు," అంటూ పరిగెత్తింది. ఫోనులో వాళ్లింటి గోడ గడియారం టిక్కుటిక్కుమనడం, తర్వాత దూరంగా మగ్గం వినపడ్డాయి. మగ్గం ఆగింది.

"ఊ," అంది నా భార్య. ఊపిరి ఎగపోస్తోంది.

"సెట్టు ఎనక వూఫరు వైరు దూర్చే చోట ఏమో రాసుంటాది. పోయి చూసి చెప్తావా?" అన్నాను.

"వంద డబ్ల్యూ," అంది వెంటనే. "దాని కింద మూడు, మూడు పక్కన గుర్రపు లాడం మాదిరి గుర్తు."

"చూడకుండానే చెప్తాండావే?"

"దినామ్మూ దుమ్ము తుడుస్తాండా గదా."

వంద వాట్లు, మూడు ఓములు అని అరచేతిలో రాసుకున్నాను. ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను. బూతులో నా వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు, వాళ్లలో ఒకాయన నా మొహం వైపే చూస్తున్నాడు. కొట్టు గుమ్మంలోంచి భాయ్ ఎంతని చేత్తో అడుగుతున్నాడు. పోగు, చెవి, తప్పు అన్న మాటలు వాళ్ల ముందు నోట రాలేదు.

"ఇంకేమన్నా కావల్లనా?" అంది ఆమె.

"ఏమొద్దు," అన్నాను.

  నేనే ఫోను పెట్టేశాను. ఇంటికి పోయి ఎదురుగా చెబుదాం, అదే మర్యాద అని సర్దిచెప్పుకున్నాను.

భాయ్ పనిమంతుడు. పది రోజుల్లో కాలిన సెట్టు బాగుచేసి, చిన్న రేకు డబ్బాలో ఆంప్లిఫయరు బోర్డు బిగించి ఇచ్చాడు. కొత్త సెట్టు గుండ్రటి రంధ్రం నుంచి ఆ డబ్బాకు, డబ్బా నుంచి పెట్టెకు. గదిలో పెట్టి చూశాను. మాటలు స్పీకర్లలో, అడుగు మోత పెట్టెలో, ఎక్కడివక్కడ. ధర్మవరంలో ఎట్లా ఉండేదో అట్లాగే. ఐదు నిమిషాలు విని ఆపేశాను.

వారం సెలవు రోజున పొద్దున బండికే ధర్మవరం పోయాను. దారంతా ఆ మూడు ముక్కలు మనసులో చదువుకున్నాను. ఇంటికి తాళం వేసి ఉంది. కిటికీ సందులోంచి చూస్తే ముందు గదిలో మగ్గం లేదు. గుంట మాత్రం ఉంది, దాని మీద చెక్క పలకలు కప్పి ఉన్నాయి.

నన్ను చూసి పక్కింటి అక్క బయటికొచ్చింది.

"నాలుగు దినాలాయప్పా. నల్లమాడకు వాళ్లక్క దగ్గరికి పోయింది. మగ్గం కూడా విప్పి ఆటోలో ఏసుకోని పోయింది," అంది. "నీకని ఒకటి పెట్టిపోయింది, రా."

లోపల ఒక మూల అట్టపెట్టె ఉంది. తెరిచి చూశాను. మా సెట్టు. మెత్తటి పాత చీరముక్కలో చుట్టి ఉంది. ఐదు చిన్న స్పీకర్లు, ఒక్కొక్క వైరూ విడిగా చుట్టి, పట్టుదారంతో ముడివేసి ఉంది. ఎక్కడా ఒక్క చుక్క దుమ్ము లేదు.

"ఆయప్పకు ఇదొక్కటే కావల్లంట అక్కా, వస్తే ఇయ్యి అనింది," అంది అక్క.

ఆ తర్వాత నేను నల్లమాడకు రెండుసార్లు పోయాను. రెండుసార్లూ మంచినీళ్లిచ్చింది, అన్నం పెట్టింది, మాట్లాడింది. చెప్పాల్సిందంతా చెప్పాను. విని, "సరేలే," అంది. తిరిగి రాలేదు. కానీ అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు అక్క ఇంట్లో అట్టపెట్టె పక్కన నేల మీద కూర్చుని, ఇంకేమైనా చెప్పిందా అని అడిగాను.

"ఏం చెప్తాదప్పా. ఆ పొద్దు నువ్వు ఫోను పెట్టేసినాంక మళ్లా ఇంటికి పోలేదు. అద్దో, ఆ ఫోను పక్కన స్టూలు మీదనే కూచునింది. మగ్గం అట్లే ఇడ్సిపెట్టి వచ్చినావు గదమ్మా, పో అని నేనంటే, మళ్లా చేస్తాడేమో అక్కా, ఇంగ రొంతసేపు చూస్తా అనింది."

నేను ఫోను చేసింది మధ్యాహ్నం అన్నాల వేళకు ముందు. ఎంతసేపు కూర్చుందని అడిగాను.

"పొద్దు మునిగిందాకా," అంది.